ట్యాలీ ఎక్స్‌ఎంఎల్‌ను రిపోర్టుగా మార్చాలి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ యాడ నుంచి మొదలుపెట్టాల?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

అందరికీ నమస్తే. ఆదోనిలో ఒక పత్తి కమీషన్ షాపుకు పని. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నుంచి డేబుక్, అంటే రోజువారీ లావాదేవీల చిట్టా, ఎక్స్‌ఎంఎల్‌గా (ట్యాగులతో రాసే డేటా ఫైల్‌గా) వస్తుంది. దాన్నుంచి పార్టీవారీ మొత్తాలతో ఒక వెబ్ పేజీ, ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఒకటి కావాల. హెచ్‌టీఎంఎల్ బాగా వచ్చు, జావా కొంచెం వచ్చు. ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే ఈ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాష పూర్తిగా కొత్త. వెతికితే సీడీల జాబితాను టేబుల్‌గా మార్చే పాఠమే పది చోట్ల కనిపిస్తాంది. అది అయినాక ఏం చదవాల? పుస్తకమా, సైటా, వీడియోలా? 1.0 నేర్చుకోవాల్నా, 3.0 నా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తమ్ముడూ, వీడియోల జోలికి పోవద్దు. ఈ భాషలో కష్టం సింటాక్స్‌లో లేదు, నడిచే తీరులో ఉంది. జావా వచ్చినవాళ్లు చేసే పని ఒకటే: పైన ఒక టెంప్లేట్ (ఫలానా ట్యాగు తగిలితే ఏం రాయాలో చెప్పే రూల్) రాసి, దాని లోపల ఫర్-ఈచ్ అనే లూప్ మీద ఫర్-ఈచ్ పెట్టుకుంటూ పోతారు. సీడీల పాఠం నేర్పేది కూడా అదే. చిన్న ఫైల్‌కు పని అయిపోతుంది, ట్యాలీ ఫైల్ దగ్గర చిక్కుబడుతుంది.

నా లెక్కన వరుస ఇది. మొదట ఎక్స్‌పాత్ (ఎక్స్‌ఎంఎల్ లోపల కావలసిన చోటికి దారి రాసే భాష) ఒక్కటే, కనీసం వారం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ముట్టుకోవద్దు. చైల్డ్, పేరెంట్, ఫాలోయింగ్-సిబ్లింగ్, ప్రిసీడింగ్-సిబ్లింగ్, యాన్సెస్టర్ అనే దిక్కులు చేతికి రావాల. చదరపు బ్రాకెట్లలో షరతు ఎట్ల పనిచేస్తుందో తెలియాల. వోచర్ అంటే ట్యాలీలో ఒక లావాదేవీ. ముఖ్యంగా //వోచర్[1] కూ (//వోచర్)[1] కూ తేడా పట్టుకోవాల. మొదటిది ప్రతి పేరెంట్ కింద ఉండే మొదటి వోచర్‌ను ఇస్తుంది, రెండోది ఫైల్ మొత్తంలో మొదటి వోచర్ ఒక్కదాన్నే ఇస్తుంది. ట్యాలీలో ఒక్కో వోచర్ ఒక్కో ట్యాలీమెసేజ్ కింద ఉంటుంది కాబట్టి మొదటి పద్ధతిలో అన్ని వోచర్లూ వచ్చిపడతాయి. చాలామంది 'షరతు పనిచేయడం లేదు' అని తల పట్టుకునేది ఈడనే.

తర్వాత ఐడెంటిటీ టెంప్లేట్. అన్ని నోడ్‌లకూ (ట్యాగులు, టెక్స్ట్ లాంటి ముక్కలు) అన్ని అట్రిబ్యూట్‌లకూ మ్యాచ్ అయ్యే ఒకే టెంప్లేట్, లోపల కాపీ, దాని లోపల అప్లై-టెంప్లేట్స్. ఫైల్ ఉన్నదున్నట్టు బయటికి వస్తుంది. ఇప్పుడు దానికి ఒక్కో టెంప్లేట్ కలుపుకుంటూ పో. ఒక ట్యాగు తీసేయాలంటే దాని పేరుకు మ్యాచ్ అయ్యే ఖాళీ టెంప్లేట్ చాలు. పేరు మార్చాలంటే ఇంకొకటి. ఇట్ల నాలుగైదు మార్పులు చేస్తే ఏ నోడ్‌కు ఏ టెంప్లేట్ తగులుతుందో ప్రాసెసరే (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే ప్రోగ్రామే) చూసుకుంటుందని చేతికి తెలుస్తుంది.

ఆ రెండూ కుదిరినాక కీ, గ్రూపింగ్, మోడ్. అంతవరకు గ్రూపింగ్ తెరవద్దు.

దేవునికడప (కడప)

వరుస బాగుంది. వెర్షన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పాత పాఠం చదివి కొత్త ప్రాసెసర్‌లో నడిపితే ఫలితాలు తేడాగా వస్తాయి.

1.0 వచ్చింది 1999 నవంబరులో. 2.0 జనవరి 2007లో, 3.0 జూన్ 2017లో. వెబ్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం 1.0 వే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే కమాండ్, పైథాన్‌లోని ఎల్‌ఎక్స్‌ఎంఎల్, డాట్‌నెట్‌తో వచ్చే ప్రాసెసర్, జావా జేడీకేలో కూర్చుని ఉన్నది, ఇవన్నీ 1.0 దగ్గరే ఆగాయి. 3.0 కావాలంటే సాక్సన్ అనే ప్రాసెసర్. హెచ్‌ఈ ఎడిషన్ ఉచితం, ఓపెన్ సోర్స్. స్ట్రీమింగ్ (పెద్ద ఫైల్‌ను ముక్కలుగా చదవడం) లాంటివి డబ్బు కట్టే ఎడిషన్‌లో ఉంటాయి. మండీ డేబుక్‌కు వాటితో పని లేదు.

తేడాకు చిన్న ఉదాహరణ: వాల్యూ-ఆఫ్‌కు నాలుగు నోడ్‌లు దొరికాయనుకోండి. 1.0 మొదటిదాని విలువ మాత్రమే రాస్తుంది. 2.0 నుంచి నాలుగింటినీ మధ్యలో ఖాళీ పెట్టి రాస్తుంది. పాత స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కోడ్ ఫైల్) మీద వెర్షన్ అంకె ఊరికే మార్చేస్తే ఒక్క పేరు రావలసిన చోట నాలుగు పేర్లు పడతాయి.

సప్తగిరి గారూ, మీ ముందు పాత కోడ్ ఏదీ లేదు. నేరుగా 3.0 మొదలుపెట్టండి. పార్టీవారీగా గుంపులు కట్టే ఫర్-ఈచ్-గ్రూప్ ఒక్కటి చాలు ఆ నిర్ణయానికి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

దీనికి నేను సగమే ఒప్పుకుంటా. పని కోసం 3.0 సరే. కానీ చదవడానికి 1.0 స్పెసిఫికేషన్ చిన్నది, జేమ్స్ క్లార్క్ ఎడిట్ చేసింది, మొదటినుంచి చివరిదాకా కూర్చొని చదవొచ్చు. 3.0 స్పెసిఫికేషన్‌లో కొత్తవాళ్లు దిగితే స్ట్రీమింగ్ నిబంధనల్లోనే మునిగిపోతారు. టెంప్లేట్ రూల్స్ అధ్యాయం 1.0 లో చదివి, కోడ్ సాక్సన్‌లో రాస్తే రెండు విధాలా లాభం.

బెల్లరీ_రోడ్డు (ఆదోని)

ఇంత తంటా ఎందుకు బ్రో? పైథాన్‌లో ఎలిమెంట్‌ట్రీ లైబ్రరీతో ముప్పై లైన్లలో అయిపోదా?

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

ఈ ఒక్క సీఎస్‌వీకైతే అయిపోతుంది, కాదనను. ఒకే ఆకారంలో ఉండే వరుసలను లెక్కగట్టడానికి పైథాన్ బాగానే ఉంటుంది. పేరా మధ్యలో బోల్డ్, దాని మధ్యలో లింకు, దాని పక్కన ఫుట్‌నోట్ లాంటి కలగాపులగం ఉన్న ఫైళ్ల దగ్గర ఎలిమెంట్‌ట్రీలో టెక్స్ట్ ఒక చోట, టెయిల్ ఇంకో చోట ఉండి ఏడిపిస్తాయి. అక్కడ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి పోటీ లేదు. జర్నల్ ప్రచురణ పనులు, డిటా ఫార్మాట్‌లో రాసే మాన్యువళ్లు, శాప్ క్లౌడ్ ఇంటిగ్రేషన్‌లో మ్యాపింగ్‌లు, బ్యాంకుల ఐఎస్ఓ 20022 సందేశాలు, ఈ పనులన్నిటిలో ఇది ఇంకా నడుస్తోంది. నేర్చుకుంటానన్నవాళ్లను ఆపడమెందుకు.

ఇక అడిగిన ప్రశ్నకు, ఏం చదవాలి అనేది:

పుస్తకం అంటే మైకేల్ కే రాసిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0, ఎక్స్‌పాత్ 2.0 ప్రోగ్రామర్స్ రిఫరెన్స్, నాలుగో ముద్రణ, 2008. ఆయనే 2.0, 3.0 స్పెసిఫికేషన్లకు ఎడిటర్, సాక్సన్ కూడా ఆయనదే. 1300 పేజీలు దాటుతుంది కాబట్టి వరుసగా చదవాలని కూర్చోవద్దు. మొదటి భాగంలో ప్రాసెసింగ్ మోడల్ గురించి చెప్పే అధ్యాయం రెండుసార్లు చదివి, మిగతాది నిఘంటువులా దగ్గర పెట్టుకోండి. 3.0 లోని మ్యాప్‌లు, జేసన్ అందులో ఉండవు. మెల్లగా, అభ్యాసాలతో నడిపించేది కావాలంటే జెనీ టెనిసన్ రాసిన బిగినింగ్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0, 2005 నాటిది. మీకు ఇదే నప్పుతుంది. పాత పుస్తకమని వెనకాడొద్దు, 2.0 లో రాసినది దాదాపు అంతా 3.0 లో నడుస్తుంది.

డబ్బు పెట్టకుండా అంటే, ఇవాన్ లెంజ్ 1.0 మీద రాసిన చిన్న పుస్తకంలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే అధ్యాయం నెట్‌లో ఉంది. ముందు అది చదవండి. రోజువారీ పనికి సాక్సన్ తయారుచేసే సాక్సనికా సైటులోని డాక్యుమెంటేషన్. ఒక్కో ఎలిమెంట్‌కు, ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో పేజీ ఉంటుంది. అది ఏ వెర్షన్‌లో వచ్చిందో, ఏ ఎడిషన్‌లో నడుస్తుందో అక్కడే తెలుస్తుంది. ఎండీఎన్ అనే వెబ్ డాక్యుమెంటేషన్ సైటులో ఉన్నది బ్రౌజర్ల కోసం రాసిన 1.0. డబ్ల్యూ3స్కూల్స్ ఒక సాయంత్రం చూసి వదిలేయండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబు తీసుకునేటప్పుడు అది ఏ వెర్షన్‌కో చూడండి. అక్కడ 1.0 జవాబులే గుట్టలుగా ఉంటాయి.

ప్రయోగాలకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫిడిల్ అనే సైటు ఉంది. ఒక పక్క డేటా, ఒక పక్క స్టైల్‌షీట్, కింద ఫలితం. కానీ షాపు వాళ్ల లెడ్జర్ తీసి అందులో పేస్ట్ చేయకండి. నాలుగు ఉత్తుత్తి వోచర్లు తయారుచేసుకోండి. ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకున్నా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది. సరుకు, ధర, పార్టీ అని రాసుకుంటే డేటా ట్యాగు ఏదో, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సొంత మాట ఏదో మొదట్లో కలిసిపోకుండా ఉంటాయి.

దేవునికడప (కడప)

ఒకటి కలుపుతాను. బ్రౌజర్‌లో ఎక్స్‌ఎంఎల్ తెరిచి నేర్చుకోవద్దు. హార్డ్‌డిస్క్ నుంచి నేరుగా తెరిస్తే క్రోమ్ భద్రత పేరుతో స్టైల్‌షీట్‌ను ఎత్తుకోదు, తెల్ల పేజీ వస్తుంది. తప్పు కోడ్‌లో ఉందనుకుని గంటలు పోతాయి. పైగా క్రోమ్ నుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేస్తామని 2025లో ప్రకటించారు కూడా. ఫలితం హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా రాయించుకుని, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

సాక్సన్ పెట్టుకునేటప్పుడు జిప్‌లోంచి పెద్ద జార్ ఒక్కటే లాక్కోకండి. 11 వెర్షన్ నుంచి లిబ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎంఎల్ రిజాల్వర్ జార్ కూడా కావాలి. అది లేకపోతే క్లాస్ దొరకలేదని అరుస్తుంది. ఫోల్డర్ మొత్తం కలిపే ఉంచండి. కమాండ్‌లో -ఎస్ తర్వాత కోలన్, డేటా ఫైల్. -ఎక్స్‌ఎస్‌ఎల్ తర్వాత కోలన్, స్టైల్‌షీట్. -ఓ తర్వాత కోలన్, ఔట్‌పుట్ పేరు. కోలన్ పక్కన ఖాళీ వదలకూడదు. విండోస్ పాత పవర్‌షెల్‌లో -ఓ వాడకుండా బాణం గుర్తుతో ఫైల్‌కు మళ్లిస్తే అది యూటీఎఫ్-16 గా రాసేస్తుంది, తెలుగు అక్షరాలు గల్లంతవుతాయి.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌లో వరుస తిరగేసి ఉంటుంది, ముందు స్టైల్‌షీట్, తర్వాత డేటా.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

చాలా థ్యాంక్స్ అందరికీ. ఉబుంటులో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్, సాక్సన్ రెండూ పెట్టినా. ఉత్తుత్తి ఫైల్ బాగా నడుస్తాంది. ట్యాలీ అసలు ఫైల్ ఇస్తే మాత్రం స్టైల్‌షీట్ దాకా పోకముందే 'ఇన్‌వ్యాలిడ్ ఎక్స్‌ఎంఎల్‌క్యార్ వాల్యూ 4' అని ఆగిపోతాంది. యూడీఎఫ్ గురించి ఇంకో వార్నింగ్ కూడా.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

ఇది ట్యాలీ అందరికీ పెట్టే పరీక్షే. ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ప్రైమరీ అనే మాట వెతుకు. దాని ముందర  అని ఉంటుంది. ట్యాలీ తన సొంత గుర్తుగా దాన్ని పెట్టుకుంటుంది. ఎక్స్‌ఎంఎల్ 1.0 లో 32 కంటే తక్కువ కోడ్‌లలో ట్యాబ్, లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్ మూడే చెల్లుతాయి. 4 చెల్లదు. చదివే దశలోనే ఆగిపోతుంది కాబట్టి స్టైల్‌షీట్‌లో ఏం రాసినా దీన్ని బాగుచేయలేవు. ముందే తుడవాల.

తుడిచే వరుస ముఖ్యం. ఫైల్ యూటీఎఫ్-16 లో ఉందేమో ఫైల్ కమాండ్‌తో చూడు. ఉంటే ముందు ఐకాన్వ్‌తో (ఎన్‌కోడింగ్ మార్చే కమాండ్) యూటీఎఫ్-8 చెయ్యి, ఆ తర్వాత సెడ్‌తో (మాట వెతికి మార్చే కమాండ్)  ను ఖాళీగా మార్చు. యూటీఎఫ్-16 ఫైల్ మీద నేరుగా సెడ్ నడిపితే ఒక్కటీ దొరకదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఐకాన్వ్ అయినాక మొదటి లైన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 అని రాసి మిగిలి ఉంటే అదీ మార్చాల.

యూడీఎఫ్ వార్నింగ్‌ను వదిలేయి. ట్యాలీమెసేజ్ మీద యూడీఎఫ్ అనే ప్రిఫిక్స్‌కు ఇచ్చిన నేమ్‌స్పేస్ (ట్యాగు పేరు ఏ కుటుంబానిదో చెప్పే గుర్తు) పూర్తి చిరునామా కాదని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ వాడే లిబ్‌ఎక్స్‌ఎంఎల్ సణుగుతుంది, పని ఆపదు.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

తుడిచినాక చదువుతాంది అన్నా. ఇప్పుడు ఇంకొకటి: టేబుల్ రాలేదు, ఫైల్‌లోని పేర్లు, తేదీలు, అంకెలు అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వచ్చినాయి. ఎర్రర్ ఏమీ లేదు.

దేవునికడప (కడప)

మీ టెంప్లేట్ ఏదీ తగలలేదన్నమాట. ఎలిమెంట్‌కు టెంప్లేట్ దొరకకపోతే ప్రాసెసర్ తనకు తానే దాని పిల్లల్లోకి దిగుతుంది, టెక్స్ట్ దగ్గరికి చేరితే దాన్ని బయటికి రాసేస్తుంది. ఈ బిల్టిన్ రూల్స్ తెలియనివాళ్లకు ఆ ముద్ద వింతగా ఉంటుంది, తెలిసినవాళ్లకు అదే రోగనిర్ణయం.

ట్యాలీలో రెండు కారణాలు చూడండి. ట్యాగులన్నీ క్యాపిటల్ అక్షరాల్లో ఉంటాయి, మీరు చిన్నక్షరాలు రాసి ఉంటే దొరకవు. లేదా మ్యాచ్‌లో ఎన్వలప్ కింద నేరుగా వోచర్ అని దారి రాసి ఉంటారు. మధ్యలో బాడీ, ఇంపోర్ట్‌డేటా, రిక్వెస్ట్‌డేటా, ట్యాలీమెసేజ్ అంచెలున్నాయి. మ్యాచ్‌లో వోచర్ అని పేరొక్కటే రాస్తే చాలు, పూర్తి దారి అక్కర్లేదు.

ట్యాలీలో రాదు గానీ, మిగతా ఫైళ్లలో ఇదే ముద్దకు అసలు కారణం డిఫాల్ట్ నేమ్‌స్పేస్. రూట్ ఎలిమెంట్ మీద ప్రిఫిక్స్ లేకుండా నేమ్‌స్పేస్ ప్రకటించి ఉంటే, ఉత్త పేరుతో రాసిన ఎక్స్‌పాత్‌కు ఒక్క ఎలిమెంటూ దొరకదు. 1.0 లో అదే చిరునామాకు మీ స్టైల్‌షీట్‌లో ఒక ప్రిఫిక్స్ కట్టి ప్రతి పేరు ముందూ వాడాలి. 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ అని పైన ఒక్కసారి ఇస్తే సరి. బ్యాంకు ఫైళ్లు ముట్టుకునే రోజు ఇది గుర్తుకు రావాలి.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

గ్రూపింగ్‌కు వస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. సాక్సన్‌లో ఫర్-ఈచ్-గ్రూప్, సెలెక్ట్‌లో //వోచర్, గ్రూప్-బై లో పార్టీలెడ్జర్‌నేమ్. లోపల పేరుకు కరెంట్-గ్రూపింగ్-కీ, వరుసలకు కరెంట్-గ్రూప్. మూడు ముక్కలు, అంతే.

1.0 లో ఇదే పనికి స్టీవ్ మ్యూంచ్ పద్ధతి. వోచర్‌కు మ్యాచ్ అయ్యే కీ (పేరుతో వోచర్లను వెతికే సూచిక) ఒకటి కట్టి, పార్టీ పేరును యూజ్‌గా ఇవ్వాలి. ఒక్కో వోచర్ జనరేట్-ఐడీ (ఆ నోడ్‌కు ప్రాసెసర్ ఇచ్చే ప్రత్యేక గుర్తు), ఆ పేరుతో కీ ఇచ్చే మొదటి వోచర్ జనరేట్-ఐడీతో సమానమైతేనే దాన్ని ఎత్తుకోవాలి. ఒక్కో పార్టీకి ఒక్క ప్రతినిధి మిగులుతాడు. పాత కోడ్ చదవాల్సి వస్తే ఇది అర్థం కావాలి, కొత్తగా రాయక్కర్లేదు.

ఏ పద్ధతైనా పేరు చివర ఒక ఖాళీ ఉంటే ఒకే పార్టీ రెండు గ్రూపులవుతుంది. నార్మలైజ్-స్పేస్ లోపల పెట్టండి. మ్యూంచ్ పద్ధతిలో కీ కట్టే చోటా, పిలిచే చోటా రెండింటా పెట్టాలి. ఒక్కచోటే పెడితే కొన్ని పార్టీలు నిశ్శబ్దంగా మాయమవుతాయి.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

గ్రూపులు వచ్చినాయి. మొత్తాలు కొన్ని పార్టీలకు 'ఎన్‌ఏఎన్' అని పడతాండాయి, ఇంకొన్ని మైనస్‌లో ఉన్నాయి. లక్షల కామాలు కూడా రాలేదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మూడూ వేర్వేరు సంగతులు.

ఎన్‌ఏఎన్ (అంకె కాదు అని అర్థం): ఎక్కడో ఖాళీ అమౌంట్ ట్యాగు ఉంది. ఖాళీ మాటను అంకె చేస్తే ఎన్‌ఏఎన్, అది ఒక్కటి చేరితే సమ్ మొత్తం ఎన్‌ఏఎన్. అమౌంట్ పక్కన [నంబర్(.) = నంబర్(.)] అనే షరతు పెట్టు. ఎన్‌ఏఎన్ తనతో తాను సమానం కాదు కాబట్టి ఖాళీలు రాలిపోతాయి. రెండో విషయం, టైపు చెప్పకుండా కూడితే లెక్క డబుల్‌లో జరుగుతుంది, పైసల దగ్గర చివర తొమ్మిదులో సున్నాలో బారుగా రావొచ్చు. సాక్సన్‌లో ఒక్కో అమౌంట్‌నూ డెసిమల్‌గా మార్చి కూడు. ఖాళీని డెసిమల్ చేయబోతే అది ఎర్రరే ఇస్తుంది, కాబట్టి ముందు వడగట్టు, తర్వాత మార్చు.

మైనస్: అది తప్పు కాదు. ట్యాలీలో డెబిట్ మొత్తాలు మైనస్‌తో వస్తాయి, పక్కన ఈజ్‌డీమ్డ్‌పాజిటివ్ యెస్ అని ఉంటుంది. చూపించేటప్పుడు గుర్తును బట్టి డెబిట్, క్రెడిట్ అని రెండు కాలమ్‌లు చెయ్యి. ఆబ్స్ (మైనస్ గుర్తు తీసేసే ఫంక్షన్) పెట్టి అన్నీ కూడేస్తే లెక్క రెండింతలై కూర్చుంటుంది. ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్.లిస్ట్ అనే పేరులో చుక్క చూసి భయపడొద్దు, ఎక్స్‌పాత్ దాన్ని పేరులో భాగంగానే తీసుకుంటుంది.

లక్షల కామాలు: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌తో నడిపి ఉంటావు. 1.0 లో ఫార్మాట్-నంబర్ చివరి కామా తర్వాత ఎన్ని అంకెలున్నాయో చూసి అదే దూరాన్ని అంతటా వాడుతుంది, కాబట్టి నువ్వు #,##,##0.00 అని రాసినా 12,345,678.00 వస్తుంది. సాక్సన్‌లో కామాలు నువ్వు పెట్టిన చోటనే పడతాయి. కానీ పెట్టినంతవరకే. ఆ నమూనాకే 1,23,45,678 ఇస్తే 123,45,678 అని కోటి దగ్గర కామా రాదు. #,##,##,##0.00 అని ఒక మెట్టు ఎక్కువ రాయి. పత్తి సీజన్‌లో కోటి దాటుతుంది కదా.

దేవునికడప (కడప)

తేదీ 20240401 లా ఎనిమిది అంకెలుగా ఉంటుంది. సబ్‌స్ట్రింగ్‌తో 7 నుంచి 2, 5 నుంచి 2, 1 నుంచి 4 తీసి అతికించండి. ఎక్స్‌పాత్‌లో లెక్క 1 నుంచి మొదలు, జావా అలవాటుతో 6, 4, 0 రాయకండి. సార్ట్‌లో డేటా-టైప్ నంబర్ అని చెప్పండి. 1.0 లో చెప్పకపోతే అక్షరాలుగా పోల్చి 100ను 20 కంటే ముందు పెడుతుంది.

బెల్లరీ_రోడ్డు (ఆదోని)

సరే, చూస్తుంటే నాకూ నేర్చుకోబుద్ధవుతోంది. సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పార్టీ పేర్లు పిచ్చి గీతలుగా వస్తాయి కదా, దానికేంటి మందు?

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

ఫైల్ మొదట్లో బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే గుర్తు) లేక ఎక్సెల్ అది యూటీఎఫ్-8 అని గుర్తుపట్టదు. సాక్సన్‌లో ఔట్‌పుట్ ఎలిమెంట్ మీద మెథడ్ టెక్స్ట్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, బైట్-ఆర్డర్-మార్క్ యెస్. 1.0 లో ఆ అట్రిబ్యూట్ లేదు, అన్నిటికంటే ముందు ఒక టెక్స్ట్‌లో ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ అక్షరాన్ని రాయించాలి. హెచ్‌టీఎంఎల్‌లో అ బదులు అ లాంటివి కనిపిస్తే ఎన్‌కోడింగ్ ఆస్కీ అని ఎక్కడో మిగిలి ఉంది. బ్రౌజర్‌లో బాగానే కనబడుతుంది గానీ ఫైల్ ఉబ్బిపోతుంది.

సీఎస్‌వీలో ఇంకో రెండు. లైన్ చివర కొత్త లైన్‌ను టెక్స్ట్ ఎలిమెంట్‌లో 
 గా పెట్టండి. కామాలను కూడా టెక్స్ట్ ఎలిమెంట్లలోనే పెట్టండి, లేకపోతే స్టైల్‌షీట్‌లో అందం కోసం వదిలిన ఇండెంటేషన్ ఫలితంలోకి జారిపోతుంది. పార్టీ పేరులో కామా ఉంటే కాలమ్ పక్కకు జరుగుతుంది, కాబట్టి ప్రతి పేరునూ డబుల్ కోట్లలో పెట్టి, పేరులోనే కోటు ఉంటే దాన్ని రెండు చేయాలి. 2.0 నుంచి రీప్లేస్ ఫంక్షన్‌తో ఒక లైన్ పని. 1.0 లో తనను తాను పిలుచుకునే టెంప్లేట్ రాయాలి. వేరియబుల్ విలువ ఒకసారి ఇచ్చాక మారదు కాబట్టి లూప్‌లో పెంచుకుంటూ పోవడం ఇక్కడ కుదరదు.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

రెండు ఫైళ్లూ వస్తాండాయి. చివరగా ఒకటి: ఒక్క పార్టీకే రిపోర్టు తీయడానికి పేరును బయటి నుంచి ఇచ్చినా. సాక్సన్‌లో బాగుంది, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌లో ఖాళీ పేజీ.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

--పరామ్ వాడి ఉంటావు. అది ఇచ్చినదాన్ని ఎక్స్‌పాత్‌గా చదువుతుంది. పార్టీ పేరును ట్యాగు పేరు అనుకుని వెతికి, దొరక్క ఖాళీ ఇస్తుంది. --స్ట్రింగ్‌పరామ్ వాడు, పేరు మాటగానే పోతుంది. సాక్సన్‌లో కమాండ్ చివర పేరు=విలువ అని ఇచ్చేదాన్ని మాటగానే తీసుకుంటుంది కాబట్టి అక్కడ నడిచింది. విలువలో ఖాళీలుంటే మొత్తాన్నీ కోట్లలో పెట్టు. విలువ లోపలికి చేరిందో లేదో అనుమానమొస్తే రూట్ టెంప్లేట్‌లో మొదటి లైన్‌గా ఒక మెసేజ్ ఎలిమెంట్ పెట్టి ఆ పరామీటర్‌ను రాయించు. అది ఔట్‌పుట్ ఫైల్‌లోకి పోదు, టెర్మినల్‌లో కనబడుతుంది.